తువ్వాలు కింద పది వేళ్ళు

రోజూ పొద్దున ఏడింటికి ఆ ఇంట్లో దుప్పటి దులిపే పని ఉండేది. తల్లి కిటికీ తెరిచి, కూతురు పడుకున్న దుప్పటి రెండు కొసలూ పట్టుకుని బయటికి విదిలించేది. మడతల్లోంచి నల్లగా, ఆవగింజల్లా అక్షరాలు రాలేవి. అవి ముందురోజు హోంవర్కు తాలూకువి. కొన్ని కిటికీ చువ్వలు పట్టుకుని కాసేపు వేలాడి, ఆ తర్వాత వీధిలోకి జారుకునేవి.

"నిన్న ఎన్ని పేజీలు రాశావే?"

"మూడు."

"అందుకే ఇన్ని. తల్లోకి కూడా ఎక్కాయి. ఇటు రా, దువ్వుతాను."

కింది వాటా ఆవిడ అప్పుడప్పుడూ తల పైకెత్తి గొడవపడేది. "ఏమండీ, మీ అమ్మాయి సైన్సంతా మా ఆరేసిన బట్టల మీద పడింది. అంకెలైతే దులిపితే పోతాయి. ఈ ఒత్తులున్నవి ఉన్నాయే, పీకినా రావు."

తల్లి సారీ చెప్పేది. ఆవిడ సణిగేది. పొద్దు గడిచేది.

ఆ పిల్లకి పన్నెండేళ్ళు. రాయడం రాక కాదు, రాసింది నిలవకే చిక్కంతా. పెన్ను కదులుతున్నంతసేపూ అక్షరాలు బుద్ధిగానే కూర్చునేవి. రాయడం అయ్యాక, సరిగ్గా వచ్చిందో లేదోనని ఆమె భయంగా వెనక్కి చూసుకున్నా, ఎర్ర పెన్ను పట్టుకుని టీచరు మీదికి వంగినా, మొదటి అక్షరం ఒక కాలెత్తేది. దాని వెనక రెండోది. ఆపైన అన్నీ వరసకట్టి కాగితం అంచు దిగి, బల్ల కాలి మీదుగా నేలకి చేరి, ఎటో వెళ్ళిపోయేవి. కాగితం మీద పెన్ను గీతల నొక్కులు మిగిలేవి, అంతే. అందుకే క్లాసులో పిల్లలు ఆమెకి 'చీమలపుట్ట' అని పేరు పెట్టారు. ఇంట్లో ముద్దుపేరు ఒకటి ఉండేది గానీ, బయట ఆ పేరే ఖాయమైపోయింది.

ఇదేమీ వింత అని ఎవరూ అనుకోలేదు. కొందరికి అరచెయ్యి చెమట పడుతుంది, కొందరికి మాట తడబడుతుంది, ఈ పిల్లకి అక్షరం నిలవదు. అందరూ అలాగే చెప్పుకున్నారు. అయితే అరచెయ్యి చెమట పట్టే పిల్లాడికి టీచరు చేతిరుమాలు తెచ్చుకోమంది. ఈ పిల్లకి మాత్రం సున్నా వేసింది.

"ఖాళీ కాగితానికి మార్కులెలా వెయ్యను, నువ్వే చెప్పు" అనేది టీచరు. ఆ మాటలో అబద్ధమూ లేదు.

సున్నా వచ్చిన రోజున హెడ్మాస్టరు గదికి వెళ్ళి, ఇనప బీరువా పక్కనున్న మూలలో గోడకి ముక్కు ఆనించి అరగంట నిలబడాలి. అది ఆ బడి ఆనవాయితీ. మిగతా పిల్లలు ఏడాదికి ఒకటి రెండుసార్లు నిలబడేవాళ్ళు. చీమలపుట్ట వారానికి మూడుసార్లు నిలబడేది. ఆ మూలలో వెలుతురు తక్కువ. అక్కడ నిలబడ్డ పిల్లలు ఎక్కువమంది కళ్ళు మూసుకునో, ఏడుస్తూనో గడిపేవాళ్ళు. ఈ పిల్ల ఏడవడం మాత్రం ఎవరూ చూడలేదు. కళ్ళు తెరుచుకుని, గోడని పుస్తకం చూసినట్టు చూస్తూ నిలబడేది.

బడి ఊడ్చే ఆయా ఒక్కతే ఒకసారి తల్లితో అంది. "మీ ఇంట్లో అయితే దుప్పట్లో దొరుకుతాయి గానీ అమ్మా, బడిలో నాకు ఒక్కటీ దొరకదు. సాయంత్రం చీపురు పట్టుకొచ్చేసరికి నేలంతా శుభ్రంగా ఉంటుంది. ఎటు పోతాయో ఏమో."

తల్లికి ఆ సంగతి ఆలోచించే తీరిక లేదు. చొక్కాలకి గుండీలు కుట్టే కార్ఖానాలో రోజుకి నాలుగు వందల గుండీలు ఆవిడ లక్ష్యం. తండ్రి లారీ మీద వెళ్తే వారానికోసారి కనిపించేవాడు. ఇద్దరి తల మీదా అప్పటికి ఒకే బెంగ ఉంది. అయిదో తరగతి రెండుసార్లు తప్పిన పిల్లని ఆ బడి ఉంచుకోదు. వంతెన అవతల ఉన్న సంచుల బడికి పంపేస్తుంది. అక్కడ పుస్తకాలు ఉండవు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాగితపు సంచులు మడిచి జిగురు పెడతారు. ఈ పిల్ల అప్పటికే ఒకసారి తప్పింది. రెండో పరీక్షకి అయిదు నెలల టైముంది.

ఆరో తరగతి మేడ మీద. ఆ పక్కనే లాబ్ గది. తలుపు సందులోంచి చూస్తే గాజు గొట్టాలు, నీటిచుక్కని పెద్దది చేసి చూపే అద్దం ఉన్న యంత్రం కనిపించేవి. పిల్ల ఇంటర్వెల్లులో మెట్ల దగ్గరకి వెళ్ళి మొదటి మెట్టు మీద ఒక కాలు పెట్టి నిలబడేది. రెండో మెట్టు ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. వాన ఎక్కణ్ణుంచి వస్తుందో, ఇనుము ఎందుకు తుప్పు పడుతుందో క్లాసులో అందరికంటే ముందు చెప్పేది ఆ పిల్లే.

"నోటితో అడిగి మార్కులేయొచ్చు కదా సార్" అని తల్లి ఒకసారి అడిగింది.

"నోటితో చెప్పింది గాల్లో కలిసిపోతుందమ్మా. ఫైల్లో ఏం పెట్టను?" అన్నాడు హెడ్మాస్టరు. ఆయన చెడ్డవాడేం కాదు. ఫైలు లేనిది ఏదీ లేదని నమ్మే మనిషి.

ఈ మాట పిల్ల మేనత్త చెవిన పడింది.

మేనత్త బడికి ఎదురుగా, సర్కారు ఆఫీసు గోడ వెంట వేసిన రేకుల కింద టైపు మిషన్ పెట్టుకుని కూర్చునేది. అర్జీ రాయించుకోవాల్సిన వాళ్ళు ఆమె ముందు చెక్క స్టూలు మీద కూర్చుని కష్టం చెప్పుకుంటే, ఆమె కళ్ళు వాళ్ళ మొహం మీదే ఉండేవి, వేళ్ళు వాటి పని అవి చేసుకుపోయేవి. ఇరవై రెండేళ్ళుగా అదే పని. అందరికీ ఆమె టైపత్తే. తమ్ముడి కూతురికే కాదు, ఆఫీసు బంట్రోతుకి కూడా.

ఆ వరసలో అయిదుగురు టైపిస్టులు. వాళ్ళకొక కట్టుబాటు ఉంది. కొట్టివేత ఉన్న కాగితం బల్ల దాటకూడదు. చివరి లైన్లో తప్పు పడినా సరే, కాగితం లాగి చెత్తబుట్టలో వేసి మొదటి నుంచి కొట్టాల్సిందే. టైపత్త బల్ల నుంచి అన్నేళ్ళలో ఒక్క కొట్టివేత కూడా బయటికి పోలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఆదివారం ఆమె పాత చిన్న మిషన్ని చంకన పెట్టుకుని తమ్ముడింటికొచ్చి, టేబుల్ మీద దింపింది. అది దిగిన తీరుకి గిన్నెలు గలగలమన్నాయి.

"ఏంటి వదినా ఇది?" అంది తల్లి.

"నీ కూతురికి. టైపు నేర్పిస్తా."

"ముందు పెన్ను పట్టుకోవడం సరిగ్గా నేర్పాలి గానీ, ఈ టకటకలెందుకు వదినా? అలవాటైపోతే పెన్నే ముట్టదు."

"నీకు పోయినేడు కళ్ళజోడు పెట్టారు. ముందు జోడు లేకుండా చూడ్డం నేర్చుకో, ఆ తర్వాత ఇస్తాం అన్నారా?"

"కళ్ళజోడూ ఇదీ ఒకటేనా?"

"ఒకటే. అందకపోతే స్టూలేసుకుంటాం. స్టూలేసుకుంటే చేతులు కురచైపోతాయా?" పిల్ల వైపు తిరిగింది. "నువ్విలా రావే. పెన్నుతో రాసిన అక్షరం వాకిట్లో కూర్చున్న చుట్టం లాంటిది. గుచ్చి గుచ్చి చూస్తే లేచి పోతుంది. మిషన్‌తో కొట్టింది పాతిన గుంజ. పొమ్మన్నా పోదు."

"నిజంగా పోదా అత్తా?"

"దిగేలా కొడితే పోదు. భయపడి కొడితే పైపైన అంటుతుంది, అది పోతుంది."

ఆ రోజు నుంచి బడి వదలగానే పిల్ల రోడ్డు దాటి రేకుల కిందికి వచ్చేది. టైపత్త ఆమె రెండు చేతుల మీదా ఒక పాత తువ్వాలు కప్పేది. అది ఆమె పాఠం చెప్పే పద్ధతి. మీటలు కనపడకూడదు, వేళ్ళు కనపడకూడదు. నడిమి వరస ఇల్లు. ఎనిమిది వేళ్ళకి ఎనిమిది గదులు. పైకెళ్ళినా కిందికెళ్ళినా మళ్ళీ ఎవరి గదికి వాళ్ళు రావాలి. బొటనవేళ్ళు రెండూ కాపలాదారులు, మాటకీ మాటకీ మధ్య తలుపు వేస్తాయి.

"చిటికెన వేలు లేవట్లేదు అత్తా."

"గారాబంగా పెంచావు, లేవదు. లేపు. దాని వాటా పని దానితోనే చేయించు."

మొదటి నెలంతా అర్థం లేని వరసలే. అక్షరపు కడ్డీలు రెండేసి ఒకేసారి లేచి, గుమ్మంలో ఎదురుపడ్డ ఇద్దరు లావుపాటి మనుషుల్లా ఇరుక్కునేవి. పిల్ల నల్లటి వేళ్ళతో వాటిని విడదీసేది. పక్క బల్ల కళ్ళజోడు తాత నవ్వేవాడు. "ఏమే టైపత్తా, మేనకోడలు వడగళ్ళు కురిపిస్తోందా, అర్జీలు కొడుతోందా?"

"నీ మిషన్ సంగతి చూసుకో మావా. పోయిన వారం పెళ్ళి కాని వాడికి భార్యాబిడ్డలతో సహా అర్జీ కొట్టావు."

రెండో నెల నడిమధ్యలో ఒకరోజు పిల్ల చేతులు ఆపి, తువ్వాలు తనే తీసేసింది. కాగితం మీద ఒకే మాట ఉంది. 'నాది' అని. పిల్ల దాని మీదికి వంగింది. హెడ్మాస్టరు చూసినట్టు కళ్ళు చికిలించి చూసింది. ఎర్ర పెన్ను పట్టుకున్నట్టు వేలు చూపించి చూసింది.

"ఫో" అంది.

అక్షరాలు కదల్లేదు. కాగితం తిప్పి వెనక వైపు వేలితో తడిమింది. ఒక్కో అక్షరం బొడిపెలా తగిలింది. అప్పుడు పిల్ల మొహం చూసిన కళ్ళజోడు తాత ఆ సాయంత్రం ఇంక జోకులేమీ వెయ్యలేదు.

పెన్నుతో రాసింది మాత్రం ఎప్పట్లాగే పోతూనే ఉంది. దుప్పటి దులుపుడు ఆగలేదు. ఇది కుదిరింది కదా అని అది కూడా కుదురుతుందని టైపత్త ఎప్పుడూ అనలేదు, పిల్ల అడగలేదు.

పరీక్షలకి నెల ముందు తల్లీ, టైపత్తా, పిల్లా ముగ్గురూ హెడ్మాస్టరు దగ్గరికి వెళ్ళారు.

"మిషన్ మీదా?" ఆయన పేపర్‌వెయిట్‌ని ఒకసారి తిప్పాడు. "చేతిరాత అయితే ఎవరిదో చూడగానే తెలుస్తుంది. టైపు కాగితం ఎవరు కొట్టారో ఎలా తెలుస్తుందమ్మా? రేపు ఇంకొకరు ఇంట్లో కొట్టుకొచ్చి ఇస్తే?"

"మా పిల్లకి చేతిరాతే నిలవదు కదా సార్" అంది తల్లి.

"నాకు తెలీదా? రెండేళ్ళుగా చూస్తున్నా. సరే, ఒక పని చేయండి. ఎందుకు కావాలో పిల్ల చేతే ఒక అర్జీ కొట్టించి తీసుకురండి. పిల్లే కొట్టాలి. చూస్తాను."

పిల్ల రెండు సాయంత్రాలు కూర్చుని అర్జీ కొట్టింది. పదకొండు లైన్లు. తప్పు పడ్డ చోట వెనక్కొచ్చి అడ్డంగా కొట్టేసి ముందుకి పోయింది. నాలుగు కొట్టివేతలు వచ్చాయి. ఒక చోట మాట మధ్యలో ఖాళీ పడింది. మడిచి అత్త డ్రాయరులో పెట్టి ఇంటికి వెళ్ళింది.

మర్నాడు మధ్యాహ్నం పిల్ల బడిలో ఉండగా టైపత్త డ్రాయరు తెరిచింది. కాగితం చదివింది. బాగుంది. కానీ ఆ నాలుగు కొట్టివేతలూ కంట్లో నలుసుల్లా పొడిచాయి. తన బల్ల నుంచి, తన మేనకోడలి కాగితం, ఇలాగా పోయేది? మాట మార్చలేదు, అక్షరం మార్చలేదు. శుభ్రంగా మళ్ళీ కొట్టి, పాతది చెత్తబుట్టలో వేసింది. మూడు నిమిషాలు పట్టిందేమో. ఇంకో టైపిస్టయినా అదే చేసేవాడు.

అత్తా మేనకోడలూ తెచ్చిచ్చిన ఆ అర్జీని హెడ్మాస్టరు రెండుసార్లు చూశాడు. "పదకొండు లైన్లు. ఒక్క తప్పు లేదు. అంచులు దారం పెట్టి కొలిచినట్టున్నాయి. ఇది మూడు నెలలు నేర్చుకున్న పిల్ల చెయ్యా? నన్ను చూస్తే ఎలా కనపడుతున్నానమ్మా మీకు?"

పిల్ల ఆ కాగితం వైపు చూసింది. తర్వాత అత్త వైపు చూసింది. గేటు దాటి, రోడ్డు దాటి, రేకుల కిందికి వచ్చాక అడిగింది.

"నా తప్పులేవి అత్తా?"

టైపత్త చెత్తబుట్ట వైపు చూసింది. ఇరవై రెండేళ్ళలో ఆమెని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.

"చెత్తబుట్టలో వేశానే" అంది.

"అవి నావి. వాటిని చూస్తే ఆయనకి నేనని తెలిసేది."

ఆ సాయంత్రం పిల్ల మిషన్ ముట్టుకోలేదు. టైపత్త కూడా ఆ రోజు ఎవరి అర్జీ కొట్టలేదు. స్టూలు మీద కూర్చున్న వాళ్ళని కళ్ళజోడు తాత దగ్గరికి పంపింది.

మర్నాడు ఇంటర్వెల్లులో పిల్ల ఒక్కతే హెడ్మాస్టరు గది గుమ్మంలో నిలబడింది.

"నేను మీ గదిలోనే కొడతా సార్. ప్రశ్న మీరే ఇవ్వండి."

"అర్జీ సంగతి తేలిపోయింది కదా."

"అది మా అత్తది. నాది ఇంకా మీరు చూళ్ళేదు."

ఆయన పెన్ను మూత పెట్టాడు, తీశాడు. తర్వాత ఎవరైనా 'పిల్లకి అవకాశమే ఇవ్వలేదు' అనే మాట ఫైల్లోకి రావడం ఆయనకి ఇష్టం లేదు. "పరీక్షకి ముందురోజు. పన్నెండు గంటలకి. నా ఎదురుగా. మీ అత్త గేటు లోపలికి రాకూడదు. కుదరకపోతే వంతెన అవతల బడికి కాగితాలు అదే రోజు రాసేస్తాను. సరేనా?"

"సరే సార్."

ఆ రోజు రానే వచ్చింది. టైపత్త, తల్లి గేటు బయటే ఆగిపోయారు. మిషన్ని గేటు నుంచి గది దాకా పిల్లే మోసింది. నాలుగుసార్లు దింపి, నాలుగుసార్లు ఎత్తుకుంది. ఆయా సాయం పట్టబోతే వద్దంది. గదిలో ఒక మూల బల్ల దగ్గర ఇద్దరు టీచర్లు రిజిస్టర్లు ముందేసుకుని కూర్చున్నారు. ఆయా తడిగుడ్డతో గుమ్మం తుడుస్తోంది. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తోంది.

"వాన ఎలా పడుతుంది? ఇదీ ప్రశ్న. అరగంట" అన్నాడు హెడ్మాస్టరు.

పిల్ల కాగితం ఎక్కించింది. తువ్వాలు చేతుల మీద కప్పుకుంది. హెడ్మాస్టరు కుర్చీలోంచి లేచి వచ్చి, ఆమె భుజం మీదుగా వంగాడు. ఆయన ఊపిరి ఆమె చెవికి తగిలింది. కళ్ళు కాగితం మీద, ఎక్కడ తప్పు పడుతుందా అని.

మొదటి మాట పైపైన అంటింది. వేళ్ళు వాటి గదులు మర్చిపోయాయి. చూస్తుండగానే మొదటి అక్షరం ఒక కాలెత్తింది.

పిల్ల చేతులు ఆపేసింది. ఆ కాగితాన్ని లాగేసి, కొత్తదాని వెనక కార్బనూ ఇంకో కాగితమూ పెట్టి ఎక్కించింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"కానివ్వు" అన్నాడాయన.

"మీరు చూస్తుంటే కొట్టను సార్."

"చూడకపోతే నువ్వే కొట్టావని నాకెలా తెలుస్తుంది?"

"ఈ గదిలో టైపు వచ్చింది నాకొక్కదానికే. చెవులు చాలు సార్."

ఒక టీచరు దగ్గాడు. రెండో ఆమెకి రిజిస్టర్లో హఠాత్తుగా ఏదో ముఖ్యమైనది కనిపించింది.

"కొట్టకపోతే సున్నా" అన్నాడు హెడ్మాస్టరు.

"మీరు చూస్తే ఎలాగూ సున్నాయే. నాకు అలవాటే."

"అయితే నన్ను ఎటు చూడమంటావు?"

పిల్ల బీరువా పక్క మూల వైపు చూసింది. ఆ మూల ఎవరికైనా చూపించాలంటే ఆమెకి మిషన్ మొయ్యడం కన్నా కష్టంగా ఉంది. అయినా చెయ్యెత్తి చూపించింది.

"ఆ మూల. గోడ వైపు."

ఆయా గుడ్డ పిండడం ఆపేసింది.

"నన్నా? అక్కడా?"

"రెండేళ్ళు నేను నిలబడ్డా సార్. మీరు అరగంట."

హెడ్మాస్టరు గడియారం చూశాడు. అప్పటికే ఆరు నిమిషాలు గడిచాయి. టీచర్ల వైపు చూశాడు, వాళ్ళు ఆయన వైపు చూడలేదు. ఆ బడికి హెడ్మాస్టరుగా వచ్చిన పద్నాలుగేళ్ళలో ఆయన ఆ మూలకి ఎంతోమందిని పంపాడు గానీ, తను ఎప్పుడూ వెళ్ళలేదు. విసురుగా నడిచి వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని గోడకి ఎదురుగా నిలబడ్డాడు.

వెనక మిషన్ మొదలైంది. ఈసారి పైపైన కాదు. ఒక్కో దెబ్బా మేకు దిగినట్టు దిగింది. టక టక టక, లైను చివర గంట, రోలరు గరగరమని వెనక్కి, మళ్ళీ టక టక.

రెండో గంట మోగేసరికి ఆయన కళ్ళు ఆ చీకటికి అలవాటు పడ్డాయి. ఆయన ఛాతీ ఎత్తులో, గోడ మీద, చీమల బారు లాంటిది కనిపించింది. ఆయా సరిగ్గా దులపట్లేదనుకున్నాడు. కొంచెం వంగాడు. చీమలు కావు. ఇంకా వంగాడు. చివరికి మోకాళ్ళ మీద చేతులానించి, పన్నెండేళ్ళ పిల్ల ముక్కు ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తుకి మొహం తెచ్చాడు.

గోడంతా అక్షరాలు. సన్నగా, ఒకదాన్నొకటి ఆనుకుని, లైన్లు లైన్లుగా నిలబడి ఉన్నాయి. బల్లలు దిగి, వరండా దాటి, ఊడ్చేలోపే పరుగున వచ్చి, తమ పిల్లని నిలబెట్టిన చోటే అవీ నిలబడ్డాయి. అక్కడక్కడా ఒకటి తలకిందులుగా, ఒకటి అద్దంలో చూసినట్టు. కానీ చదవడానికి వస్తున్నాయి. ఇనుము తుప్పు పట్టడానికి గాలీ నీరూ రెండూ కావాలి. అది పోయినేడు మూడు నెలల పరీక్షలో నాలుగో ప్రశ్న. ఎనిమిదో ఎక్కం మొత్తం. సముద్రం నీళ్ళు ఉప్పగా ఎందుకుంటాయి. ఆకు ఎందుకు పచ్చగా ఉంటుంది. ఆయన ఒక్కో జవాబూ చదివాడు. ఒక్కోటి సున్నా వేసిన రోజు గుర్తొచ్చింది. అన్నీ కరెక్టే కావు. కొన్ని తప్పులు. ఎక్కువ రైట్లు.

ఆయన చదువుతున్నంతసేపూ ఆ అక్షరాల్లో ఒక్కటి కూడా కాలెత్తలేదు. తప్పు వెతికే చూపు వేరు, చదివే చూపు వేరు. పసిపిల్లలకి ఆ తేడా తెలుస్తుంది, పశువులకి తెలుస్తుంది. అక్షరాలకి తెలియదని ఎందుకనుకోవాలి?

వెనక గంట పదమూడోసారి మోగింది. తర్వాత చప్పుడు ఆగింది.

"అయింది సార్."

ఆయన వెంటనే తిరగలేదు. టీచర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాసేపటికి నడుము పట్టుకుని నిటారుగా లేచి, వచ్చి కాగితం అందుకున్నాడు. పదమూడు లైన్లు. ఆరు కొట్టివేతలు. ఒక చోట 'మేఘం' రెండుసార్లు పడింది. నింపాదిగా చదివాడు. ఎర్ర పెన్ను జేబులోనే ఉంది.

"అవి అక్కడున్నాయని నీకు ముందే తెలుసా?" అని అడిగాడు మెల్లగా.

"రెండేళ్ళు నిలబడ్డా కదా సార్."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"చెబితే చూస్తారు. చూస్తే పోతాయి."

"మరి ఇవాళ నన్నెందుకు పంపావు?"

పిల్ల తువ్వాలు మడతపెట్టింది. "పోతే పోనీ అనుకున్నా. కాగితం మీద కొట్టినవి పోవు కదా."

హెడ్మాస్టరు ఫైలు తీసి, పాత అర్జీని బయటికి లాగి పక్కన పెట్టాడు. దాని చోట ఆరు కొట్టివేతల కాగితాన్ని గుచ్చి, దారం ముడి వేశాడు. వంతెన అవతల బడికి రాయాల్సిన కాగితం సొరుగులోనే ఉండిపోయింది.

"రేపు పరీక్షకి నీ బల్ల కిటికీ దగ్గర వేయించమంటావా, తలుపు దగ్గరా?"

"తలుపు దగ్గర సార్. గంట చప్పుడు మా అత్తకి వినపడాలి."

గేటు బయట తల్లి గోళ్ళు కొరుకుతోంది. చూసుకోవడానికని హెడ్మాస్టరు ఇచ్చిన కార్బన్ కాపీని పిల్ల టైపత్త చేతిలో పెట్టింది. ఆమె పైనుంచి కిందికి చదివింది. ఆరు కొట్టివేతలు. కుడిచెయ్యి దానంతటదే ఆ కాగితాన్ని ఉండచుట్టడానికి లేచింది. సగం దారిలో ఆగింది. వెనక్కి వచ్చి పక్కన వాలింది. తర్వాత ఆ కాగితాన్ని తన బల్ల వెనక గోడకి, వచ్చేపోయే అర్జీదారులందరికీ కనపడేలా మేకు కొట్టి తగిలించింది. కళ్ళజోడు తాత కట్టుబాటు సంగతి ఎత్తబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాడు.

సెలవుల్లో బడికి సున్నం వేశారు. హెడ్మాస్టరు గదిలో మేస్త్రీ బీరువా జరపబోతే, ఆయన అడ్డం వచ్చాడు. "ఆ మూల వదిలెయ్యి."

"మరకలున్నాయి సార్."

"ఉండనీ. చదువుకోవాలి."

బడి తెరిచిన రోజు పిల్ల మిషన్ ఎత్తుకుని మెట్ల దగ్గరికి వచ్చింది. మొదటి మెట్టు మీద కాలు పెట్టి, ఒకసారి ఆగింది. వెనకనుంచి ఎవరో అలవాటు కొద్దీ అరిచారు. "ఓయ్ చీమలపుట్టా, ఇటుక మోస్తున్నావా?"

"అవును" అంది వెనక్కి తిరగకుండా. "తప్పుకో. కాలి మీద పడితే దిగుతుంది."

రెండో మెట్టు ఎక్కింది. మూడోది. మధ్యలో దింపలేదు.

పదకొండు గంటలకి రోడ్డుకి అవతల రేకుల కింద ఒక అర్జీదారు తన కష్టం చెప్పుకుంటున్నాడు. మేడ మీద ఎక్కడో గంట మోగింది. టైపత్త వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. "ఒక లైను" అంది తనలో తను. ఆ ఆగడంలో చిటికెన వేలు దారి తప్పి పక్క మీట మీద పడింది. తప్పు అక్షరం, దిగేలా పడింది.

ఆమె దాన్ని చూసింది. అడ్డంగా ఒక దెబ్బ కొట్టి, పక్కన సరైన అక్షరం కొట్టి, ముందుకి పోయింది.

"చెప్పండి" అంది అర్జీదారుతో. "తర్వాత ఏమైంది?"